ఐదువందల డెబ్బై ఫీట్లు

షార్జాల, సజ్జా కాడ,
ఆరు మంచాల రూముల మీది మంచం నాది.
దుప్పటి నిండ కప్పుకుంటే
ఫోన్ వెలుతురు ఎవ్వరి నిద్రా చెడగొట్టది.
పొద్దంత ఏసీలు విప్పుత, కడుగుత, బిగిస్త.
రాత్రి పదిన్నరకు నా దుకాణాలు తెరుస్త.
ఏడు సైట్లు.

ఒకటి బంగారం రేటు చెప్తది.
ఒకటి దిర్హం ఇయ్యాల ఎన్ని రూపాయలో చెప్తది.
ఒకదాంట్ల చేపల పులుసు, నేనెన్నడు వండనిది.
ఒకదాంట్ల రాశిఫలాలు, నేను నమ్మనివి.
పిల్లల పేర్లు ఒకదాంట్ల, పన్నెండు వందలు, అక్షరాల వరుసల.
నాకింక పెండ్లే కాలేదు.
ఆరోది ఎందుకు పెట్టిన్నో యాదికి లేదు,
పాస్‌వర్డ్ మాత్రం యాదికుంది.

ఏడోదాంట్ల ఏసీల చప్పుళ్ళు.
టక్కుమని ఆగిపోతే కెపాసిటర్,
పిల్లి గురక లెక్క మోగితే ఫ్యాను బేరింగు,
నీళ్ళు గోడెంబడి కారితే ముందుగాల పైపు ఊదు.
పనికాడ చేతులకు తెలిసినవి
రాత్రి వేళ్ళతోటి రాసిపెడుత.

అన్ని కలిపి పోయిన నెల పదకొండు డాలర్లు.
అందుల తొమ్మిది బంగారానివే.
చప్పుళ్ళకు నలభై సెంట్లు.

స్టోర్ చూసే ఫ్రాన్సిస్ టీ తాగుకుంట అన్నడు:
"ఏడు చోట్ల ఏడేడు ఫీట్లు తవ్వితే ఏం పడ్తది?
ఒక్కచోటే తవ్వు, నీళ్ళు పడ్తయి."
మంచి మాటే.
అయినా ఆ రాత్రి నిద్ర పట్టలే.

కింది మంచం పోశెట్టికి చెప్పిన.
బాల్కొండ దిక్కు మనిషి, సెంట్రింగ్ పని, యాభై దాటినయ్.
నవ్విండు. దగ్గు వచ్చేదాక నవ్విండు.
"నేను ఒక్కచోటే తవ్విన తమ్మీ.
రెండొందలకు దుమ్ము.
బండాయన ఆపుదామా అంటే నేనే వద్దన్న.
మూడొందల ఎనభైకి తడి మట్టి!
చుట్టున్నోళ్ళు చప్పట్లు కొట్టిన్రు.
ఇంకిన్ని రాడ్లు దించు, ఇంకింత అప్పు తే.
ఐదొందల డెబ్బైకి మళ్ళ దుమ్మే,
జొన్నపిండి లెక్క, తెల్లగ.
మా ఇంటామె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నది,
దుమ్ముకో, దేనికో, నేనడగలే.
ఆ బోరు అడుగు ఏడుందో ఎరికేనా?"
పరుపు మీద చేత్తోటి చరిచిండు.
"గీడ."

నీళ్ళు చూసేటాయన వచ్చిండట అప్పుడు.
అరచేతిల కొబ్బరికాయ పండవెట్టి
చెలకంత నడిచిండట.
"కాయ నిలబడ్డదా?" అన్న.
"నిలబడ్డది. నా కండ్లతోటి చూసిన."

డొమైన్ల పైసలు గురువారం లోపల కట్టాలె.
కార్డుల ఒక్కదానికే సరిపోను ఉన్నయ్.
ఫోన్‌ను అరచేతిల పండవెట్టుకొని
ఏడింటి లెక్కల మీద నడిచిన.
బంగారం కాడ గీత నిటారు లేస్తది,
పెండ్లిళ్ళ నెల పోంగనే కూలవడ్తది.
చప్పుళ్ళ కాడ
కాయ పండుకునే ఉన్నది.

గని ఒక్క ముచ్చట.
పోయిన శుక్రవారం ఉమ్ అల్ కువైన్ నుంచి ఎవరో ఫోన్ చేసిండు.
"అన్నా, నువ్వు రాసిన చప్పుళ్ళల్ల మా ఏసీది లేదు.
విను" అని ఫోన్ గోడకు ఆనిచ్చిండు.
గర్రుమంటున్నది. నడుమ నడుమ
సన్నగ ఈల, పాలగిన్నె పొంగే ముందటి లెక్క.
అది నేను రాయలే.
తెలిస్తే కద రాసేది.
ఆ రాత్రి యార్డులకు పోయి
పారేసిన కంప్రెసర్లకు కరెంటిచ్చి, ఒక్కొక్కదానికి చెవి ఆనిచ్చి కూసున్న,
ఫజర్ అజాన్ వినవడేదాక.

గురువారం పైసలు కట్టిన.
దేనికి కట్టిన్నో ఫ్రాన్సిస్‌కు చెప్పలే.
ఎప్పటికన్న ముందుగాలనే దుప్పటి కప్పుకొని
"పోశెట్టన్నా, తడి మట్టి తాకింది" అన్న.

కింద మంచం కిర్రుమన్నది.
చానాసేపటికి అన్నడు:
"ఎన్ని ఫీట్లకు?"