బురుజుపేటలో బుధవారం రాత్రి

పూర్ణా మార్కెట్ దగ్గరే దింపేశాడు ఆటోవాడు.
పన్నెండు కొడితే గురువారం,
మార్గశిరంలో మొదటిది.

కర్రలు కట్టిన దారిలో
మా ముందొక పట్టుచీర, వెనక నైటీ మీద చున్నీ.
పక్కావిడ భుజాన చంటిది,
అమ్మోరి కాళ్ల దగ్గర పడుకోబెడతారట,
దానికేం తెలీదు, నోరు తెరిచి నిద్రపోతోంది.
రేవులో ఎక్కడో ఓడ కూత.

మా గురయ్యమ్మ పిన్ని మాట్లాడదు.
ఎడమచెయ్యి కొంగులో దాచి నడుస్తుంది,
తొమ్మిదేళ్లుగా అంతే.
చేపలరేవులో ఐసు మిషన్
మణికట్టు దాకా తీసుకుంది.
కంపెనీ గుమస్తా పన్నెండువేలు లెక్కపెట్టి
వేలిముద్ర వెయ్యమన్నాడు.
"ఏ ఎడమ బొటనేలు బాబూ?" అందట.
ఆ ముక్క ఒక్కటే చెబుతుంది, నవ్వుతూ,
మిగతాది మమ్మల్ని అడగనివ్వదు.
మొక్కడానికి రెండు చేతులుండాలే అని
ఇన్నేళ్లూ గుడివైపు రాలేదు.
ఈసారి ఎందుకొచ్చిందో మరి.

కాలవలో పసుపునీళ్లు
మాకు ఎదురొస్తున్నాయి.
పట్టీల కాళ్లు, పగుళ్ల కాళ్లు,
కానిస్టేబులు బూట్లు కూడా
అన్నీ ఒకే రంగు.

లోపల కప్పు లేదు.
అమ్మోరు మంచుకి తడుస్తూ ఉంది
ఒడ్డున మా పడవలాగే.
నగలు తీసేశారు. పాలు పోశారెవరో.
ఎడమచెయ్యి లేదు.
మాకు తెలిసిందే, ఊరందరికీ తెలిసిందే.
పిన్ని మాత్రం ఇప్పుడే చూసినట్టు
ఆగిపోయింది.

చెంబు నా చేతికిచ్చింది.
కొంగులోంచి ఆ మొండిచెయ్యి తీసి,
పసుపు ముద్ద అద్ది,
అమ్మోరి భుజానికి రాసింది,
ఇంట్లో పిల్లకి నలుగు పెట్టినట్టు
కాస్త గట్టిగానే.
"నీదెలా పోనాదే తల్లీ?"

"కదలండమ్మా, కదలండి!"
వాలంటీరు కుర్రాడి గొంతు బొంగురుపోయింది.
జవాబు వినబడిందో లేదో
నేను అడగలేదు.

బయట గాజుల బండి.
ఎర్రవి కావాలంది, అరడజను.
"డజనుకి తక్కువ కట్టను పిన్నిగారూ, మొదటి బేరం."
అక్కడే నిలబడి, పసుపు చెయ్యి దాచకుండా,
పావుగంట బేరమాడి
పది రూపాయలు తగ్గించి
డజనూ కొంది.

"ఆరు నాకు," అంది.
"ఆరు దానికి."

మళ్లీ క్యూ చివర వెతుక్కుంటూ బయల్దేరింది,
కోటవీధి దాటి ఎంత దూరం పోయిందో అది.
నాకు ఆరింటికి రొయ్యల షెడ్డులో డ్యూటీ.
చెంబు నా దగ్గరే ఉండిపోయింది.