అరువు మోకాళ్లు

మా అమ్మ దోర్కమ్మ మోకరించలేదు.
పొగరు కాదు, వంగవు.
పుట్టిల్లూ మెట్టినిల్లూ కనిగిరి అవతలే,
రెండుచోట్లా బోరునీళ్లే.
తాగీ తాగీ ఎముకలు తుమ్మమొద్దుల్లా బిగుసుకున్నయ్.
ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు,
మనిషంతా తిరగాలి, ఎద్దుబండి మళ్లినట్టు.

రేకుల చర్చిలో అయ్యగారు "మోకరిద్దాం" అనంగానే
అమ్మ గోడకి ఆనుకుని నన్ను చూసేది:
"నీయి బాగుండయ్ గదమ్మే, నా బదులు వంచు."
పదకొండో ఏటి నుంచీ వంచుతున్నా.
ఈతచాప పుల్లలు మోకాళ్ల మీద అచ్చుపడేవి.
పైన ఆమె గొంతు, కింద నా కాళ్లు,
ఇద్దరం కలిస్తే ఒక ప్రార్థన.
నమ్మకం మాత్రం ఆమెదే.
మధ్యలో కళ్లు తెరిచి నేను బల్లిని చూసేదాన్ని.

రాత్రుళ్లు నడుం పోట్లకి ఆమె చేసింది
ప్రార్థన కాదు, తగాదా.
"దప్పిక నువ్వే ఇస్తివి. నీళ్లూ నువ్వే ఇస్తివి.
ఇసం ఎవురు కలిపార్రా తండ్రీ?"
జవాబు రాదు.
తెల్లారి మళ్లీ ఆయన్నే పలకరించేది,
అలిగిన మొగుడి ముందు టీ గ్లాసు పెట్టినట్టు.

ఫిల్టర్ నీళ్ల బండి ఊళ్లోకొచ్చిన మొదటి రోజు,
క్యాను పది రూపాయలు.
దించీ దించంగానే అమ్మ అంది:
"ఒక చెంబు మాలకొండయ్యకి ఇచ్చిరా."

మాలకొండయ్య!
కొత్తకోడలుగా తను మంచినీళ్ల బావి గట్టెక్కితే
బిందె తన్ని, "మీ బోరుకి పో" అన్నవాడు.
ఆ బావి ఎండినాక ఆయనా మా బోరే తాగాడు.
చూసేవాళ్లు లేక ఇప్పుడు నులకమంచంలో కొడవలిలా.

"నేను పోను."
"నేనూ పోననే అన్నా. మూడు రాత్రుళ్లు కొట్లాడినా.
ఆయన ఒప్పుకోలా."

తనే బయల్దేరింది.
చెంబు తొణక్కుండా, అడుగులో అడుగు,
కాలే సిమెంటు రోడ్డు మీద.
పడితే పట్టుకుందామని వెనకే నడిచా.
మంచం బాగా కిందికుంది.
వంగితే గాని ఆయన నోటికి అందదు.
అమ్మ మనిషంతా నా వైపు తిరిగింది.
ఈసారి ఏమీ అడగలేదు.

పేడ అలికిన నేల మీద మోకాళ్లు ఆనించా.
ఆ తల కింద చెయ్యి పెట్టా.
గారపళ్లు, పసుపు చారలు,
అచ్చం మా అమ్మవే.
గుటక పడ్డ చప్పుడు వినిపించింది.
గడ్డం మీంచి కారిన నీళ్లు నా మణికట్టు దాకా వచ్చాయి.
ఎవరూ ఆమెన్ అనలేదు.

తిరిగొస్తుంటే అమ్మ అడిగింది:
"మోకాళ్లు నొప్పిగా ఉండాయా?"
"కాస్త."
"ఉండనీలే" అంది,
ఖాళీ చెంబు నా చేతికిచ్చి.