తగినంత

మా బడి గేటుకెదురుగా, బార్కస్ వైపు తిరిగే మలుపులో
తఖియా బావజీర్ కుట్టుమిషను.
ముకల్లా రేవు నుంచి పెళ్లికూతురిగా వచ్చి
ఇరవై రెండేళ్లు.
ఈ పొద్దు మిషను ఆపి నా బల్ల ముందు నిలబడింది.
చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో
గడువు తీరిన పాసుపోర్టు, ఒక ఫారం.
"సారూ, సంతకం బెట్టు."

ఫారం నిండా కచేరీ భాష:
'పై వ్యక్తికి తెలుగు భాషయందు తగినంత పరిజ్ఞానము కలదని
ధ్రువీకరించడమైనది.'

తగినంత.
ఈ మాట నేనెక్కువగా చూసింది వంటల పుస్తకాల్లో.
ఉప్పు: తగినంత.
ఎంతో ఏ పుస్తకమూ చెప్పదు,
మా ఆవిడ అరచేతికి తెలుసు.

సరే, పరీక్ష పెడదామని
బండి ఱ రాయమన్నాను.
నవ్వి, సుద్దముక్క నా చేతికే ఇచ్చింది, "నువ్వు రాయి."
రాయబోతే చెయ్యి ఆగింది.
ఎన్నేళ్లయిందో ఆ బండి ఎక్కి.

గారు అనదు. కలెక్టరునైనా నువ్వే అంటుంది.
బస్సు వస్తే "వాడొచ్చిండు" అంటుంది.
వాళ్ల అరబ్బీలో 'ప' లేదట,
ఎక్కడ 'ప' తగిలినా 'బ' చేసి దాటేస్తుంది.
నా వ్యాకరణంలో దాన్ని సరళాదేశ సంధి అంటారు,
దానికి నేను మార్కులేస్తాను.

మెడ లోతు, చంక బిగువు, భుజం జారుడు,
"బాలింతవు గదా, ముంగట హుక్సులు బెడత"
ఇవేవీ నేను చెప్పిన పాఠాలు కావు.
చెరువు తెగిన రాత్రి
మోకాటి లోతు నీళ్లలో తలుపు తలుపూ బాది
ఏ భాషలో అరిచిందో ఆ వరసలో మిగిలినవాళ్లనడగండి:
"లెవ్వుండ్రి! మీదికెక్కుండ్రి! ముసలామెను మర్వకుండ్రి!"
మూడు వాక్యాలు.
ఎక్కడా ఎర్రసిరా పెట్టలేను.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారోనని భయం.
నోటుబుక్కులో తెలుగును ఉర్దూ లిపిలో రాసుకుంది,
కుడి నుంచి ఎడమకి నడుస్తున్న తెలుగు.
జెండా రంగులు, చక్రం ఆకులు, ఓటు వయసు, ప్రాథమిక విధులు.
"విధులు ఎన్ని సారూ?"
పది, అన్నాను.
"బదకొండు" అంది.
సాంఘికశాస్త్రం పుస్తకం తెప్పించి చూశాం.
ముప్పై నాలుగేళ్లు ఎండలో నిలబెట్టి
పిల్లల చేత ప్రతిజ్ఞ చెప్పించినవాణ్ణి,
ఒకటి తక్కువ పౌరుణ్ణి.

మార్కులొస్తాయని నా మనవడు
తెలుగు వదిలి ఫ్రెంచి తీసుకున్నాడు.
వాడికి దేశం ఉయ్యాల్లోనే వచ్చింది.
ఎంత తెలుసురా అని
ఏ కాగితమూ అడగలేదు.

ఇంతలో మధ్యాహ్న భోజనం వండే అండాలు
రవికె పట్టుకుని లోపలికే వచ్చేసింది.
"తఖియమ్మా, పట్టిస్తలేదే. మొన్ననే కుట్టిచ్చినవ్!"
మొన్న అంటే మూడేళ్ల కింద.
తఖియా నా బల్ల మీదే రవికె తిరగేసి
పక్క కుట్టు పళ్లతో కొరికి విప్పింది.
లోపల, రెండు వేళ్ల వెడల్పున
మడిచి దాచిన గుడ్డ, రంగు వెలవకుండా.
"లావైతవని నాకెర్కనే. విడిచిబెట్టిన."

స్టాంపు ప్యాడు ఎండిపోయింది.
రెండు చుక్కల నీళ్లు పోసి గట్టిగా గుద్దాను.
'తగినంత' అన్న మాట కింద గీత గీద్దామనుకున్నాను,
ఆఫీసులో కొట్టివేత అనుకుంటారని మానేశాను.
సంతకం పెట్టాను.

ఆమె కాగితం తీసుకుని
వేలితో ఒక్కో అక్షరం తడుముతూ
కింది దాకా చదివింది. నా పేరు కూడా.
తర్వాత మళ్లీ బల్ల మీద పెట్టి
నా వైపు జరిపింది.

"తేదీ మర్సినవ్, సారూ."