గాజువాక బోర్డు

నేను లోపలికి వెళ్ళలేదు.
గేటు బయట ఫుట్‌పాత్ మీద మూడు రంగుల డబ్బాలు,
బుగ్గకి ఇరవై, రెండు బుగ్గలకి ముప్ఫై.
మధ్యాహ్నం నుంచి నూట పది ముఖాలు
నా ముందు కళ్ళు మూసుకున్నాయి.

పదకొండున్నరకి స్టేడియం ఒక్కసారి ఒలికింది.
పీఎం పాలెం నుంచి కార్‌షెడ్ జంక్షన్ దాకా
రోడ్డు లేదు, తలలే.
గెలిచామా అని ఎవర్నో అడిగాను.
"ఆటో దొరికితే గెలిచినట్టే" అన్నాడు.

"మద్దిలపాలెం. తలకి మూడొందలు."
పొద్దున్న నన్ను ముప్ఫైకి దింపిన కుర్రాడే.
గుర్తుపట్టలేదు.
పట్టాడేమో కూడా.

ఫోన్లలో బుల్లి కార్లు దగ్గరదాకా వచ్చి
వెనక్కి తిరిగిపోతున్నాయి.
మొదటి బస్సు ఆగలేదు.
రెండోది నెమ్మదించింది, పరిగెత్తాం,
స్పీడు బ్రేకర్ కోసమట.
కిటికీల నిండా నా రంగులే, చెమటకి కారిపోయి,
ఆకుపచ్చ గడ్డంలోకి, కాషాయం కళ్ళలోకి.
మూడోదాని నుదుట ఎర్ర దీపాలు సగం ఆరిపోయి
'గా' ఒక్కటే వెలుగుతోంది.
గాజువాకే అనుకుని ఉరికిన నలభైమందికి
డ్రైవరు చెయ్యూపి చెప్పాడు:
డిపోకి.

ఆ అక్షరాలు ఒకప్పుడు నావి.
డిపో గోడవార రేకులు పరిచి
పసుపు మీద నలుపు.
తగరపువలసకి రేకు చాలేది కాదు,
చివరి 'స' ఎప్పుడూ ఇరుక్కుని నిలబడేది
ఫుట్‌బోర్డు మీద మనిషిలా.
గాజువాకలో 'జు' కొమ్ము కాస్త సాగదీసేవాణ్ణి.
చదువు రానివాళ్ళు ఆ తోక చూసి ఎక్కేవారని
ఓ కండక్టరు చెప్పాడు.
తర్వాత స్టిక్కర్లొచ్చాయి. తర్వాత దీపాలు.
నేను బుగ్గల మీదికొచ్చాను.

పక్కన పారమ్మ, స్టాండ్లు ఊడ్చే మనిషి,
ఖాళీ సీసాల గోనె మీద కూర్చుంది.
"తొమ్మిదికే ఒగ్గేత్తామన్నారు బావూ.
గాజువాక బస్సు ఏటిది? ఎప్పుడొత్తాది?"
నాకేం తెలుసు, నేను రాసేవాణ్ణి గానీ
నడిపేవాణ్ణి కాదన్నాను.
"అయితే రాయి మరి" అంది.
ఎగతాళే.

కాళ్ళకింద ఎవరో పారేసిన అట్ట.
ఒకవైపు పెద్ద సిక్సు, బూటు ముద్రలతో.
రెండోవైపు తెలుపు.
నల్లరంగు లేదు.
మిగిలిన ఆకుపచ్చలో వేలు ముంచి
వీధిదీపం కింద మోకాళ్ళ మీద
గా. జు. వా. క.
కొమ్ము సాగదీశాను, చెయ్యి మర్చిపోలేదు.

ఎత్తి పట్టుకున్నాను.
పారమ్మ వెనకాల నిలబడింది.
ఆమె వెనక, నిద్రపోయిన పిల్లాణ్ణి భుజానేసుకున్న తండ్రి.
ఆయన వెనక హాస్టల్ పిల్లలు, ఓ పాప్‌కార్న్ బండి మనిషి.
బస్సు లేకుండానే
క్యూ తయారైంది.
దాటిపోతున్న పోలీసాయన
"ఇక్కడ స్టాపుందా?" అని నన్నే అడిగాడు.

పన్నెండున్నరకి ఓ వ్యాను ఆగింది.
భీమిలి రోడ్డులో ఏదో పెళ్ళి ముగించుకుని
షామియానా గుడ్డలు, కుర్చీల దొంతరలు.
డ్రైవరు అట్ట చదివి
"అక్కడికే. తలకో యాభై. కుర్చీలు ఇరక్కొట్టకండి" అన్నాడు.
పద్దెనిమిదిమంది ఎక్కాం.
గోనె కూడా ఎక్కింది.
హనుమంతవాక మలుపులో కుర్చీలు ఒరిగితే
అందరం ఒకేసారి అరిచాం,
ఆ రాత్రి నేను చూసిన ఆట అదొక్కటే.

తాటిచెట్లపాలెంలో దిగుతూ యాభై తీశాను.
"బోర్డు రాసినోడివి నీకు టికెట్టేటి" అని
అట్ట లాక్కుని
ముందద్దానికి ఆనించాడు.

వ్యాను కదిలింది.
నేను రోడ్డు దాటలేదు.
ఎదురుగా వెళ్ళి చదవాలనిపించింది గానీ
అప్పటికే దాని వెనకభాగం,
కుర్చీల కాళ్ళు, పారమ్మ చెయ్యి.
సిక్సు లోపలికి తిరిగి ఉంటుంది,
'జు' తోక బయటికి.