పద్నాలుగో నిబంధన

పప్పుకి పోపు పెడుతుంటే వచ్చి
గేటుకి నోటీసు అంటించి పోయారు.
విల్లా నలభై ఏడు. విషయం: ముంగిట్లో కలుపు.
పచ్చిక మూడంగుళాలు మించకూడదు,
మొక్కలు రెండో అనుబంధంలోని జాబితా దాటకూడదు.
పదిహేను రోజుల గడువు. ఆపైన రోజుకి రెండు వందలు.

ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ లెక్కలు తనిఖీ చేసినదాన్ని,
అనుబంధం చదవకుండా ఉంటానా?
మెక్సికన్ గడ్డి, ఫాక్స్‌టెయిల్ పామ్,
ఎక్కడిదో ఎవరికీ తెలియని ఒక ఎర్రాకు మొక్క.
మొత్తం ఇరవై రెండు పేర్లు.
సర్జాపుర మట్టికి ముందే పరిచయమున్నది
ఒక్కటీ లేదు.

నిజానికి నేనేమీ నాటలేదు.
ట్యాంకరు నీళ్ళు గిన్నెలకే చాలని ఏప్రిల్లో
స్ప్రింక్లర్ కట్టేశాను, అంతే.
పచ్చిక వారంలో చచ్చిపోయింది.
జూన్‌లో రెండు వానలు పడ్డాక
ఆ ఎండు చాప కింద నుంచి తుమ్మి లేచింది,
దాని వెనకే గునుగు, కామంచి, ఉత్తరేణి.
ప్రహరీ వారన జిల్లేడు.
జిల్లేడాకు మీద ఒక చారల పురుగు,
నలుపూ తెలుపూ పసుపూ,
అంచు నుంచి లోపలికి తింటూ పోయింది
ఒక్కో పద్దుకీ టిక్కు పెడుతున్నట్టు.

చౌడమ్మ నా వైపు సాక్షి అనుకున్నాను.
ఈ లేఔటు రాకముందు ఇదే నేలలో
రాగి చేలకి కూలికి వచ్చిన మనిషి.
ఆమె తెలుగు నా తెలుగు కంటే పాతది.
నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.
"కలుపే గదమ్మా ఇది.
దీన్ని పెరికి పెరికే నా యేళ్ళు వంకరపోయినాయి.
నువ్వేమో దాచి పెడతా ఉండావు."
నేను మాట్లాడలేదు.
పోతూ పోతూ ఒళ్ళో నిండా తుమ్మాకు కోసుకుంది.
"కలుపైతే ఏమి, పులుసుకైతాది."

సెక్రటరీ కామత్ తనిఖీకి వచ్చాడు, టేపుతో.
చెడ్డవాడు కాడు. పాములంటే భయం,
రేటు పడిపోతుందంటే ఇంకా భయం.
తంగేడు ఎత్తు కొలిచాడు,
ఫోటోలు తీశాడు,
ఉత్తరేణి మధ్యలోంచి అడ్డంగా నడిచి
తన మేజోళ్ళకేసి చూసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆదివారం క్లబ్‌హౌస్‌లో మీటింగు.
దోమలన్నారు. పిల్లలకి అలర్జీ అన్నారు.
"రేపు అందరూ ఇలాగే మొదలుపెడితే?" అన్నారు.
నా వంతు వచ్చింది. సీతాకోకచిలుకల గురించి
రాసుకున్న కాగితం మడిచి పర్సులో పెట్టేసి,
ఒక్కటే అడిగాను:
"కలుపు అంటే ఏమిటో మీ నిబంధనల్లో ఎక్కడా లేదు.
అర్థం రాయని మాటకి జరిమానా ఏ పద్దులో వేస్తారు?"

కాసేపు కాఫీ కప్పుల చప్పుడు.
నలభై నిమిషాలు వాదించుకుని, చివరికి
పంతొమ్మిది మంది అవును, పదహారు మంది కాదు:
చుట్టూ రాళ్ళ అంచు కట్టాలి,
పేర్లు రాసి బోర్డు పెట్టాలి,
అప్పుడది కలుపు కాదు, తోట.

బోర్డు మీద పేర్లు చౌడమ్మే చెప్పింది,
నేను పెయింటుతో రాశాను.
రెండు మొక్కలకి ఆమె చెప్పిన పేర్లు
నా దగ్గరున్న ఏ నిఘంటువులోనూ దొరకలేదు.
అలాగే రాశాను.
"పలక తగిలిస్తే కలుపు పైరైపోతుందా?"
కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.
గెలిచానో, లొంగానో
నాకూ సరిగ్గా తేలలేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం నడకకి వెళ్తే
పన్నెండో నంబరు గేటు దగ్గర,
కామత్ రోజూ చెప్పులు విడిచే చోట,
మూడంగుళాల పచ్చికలో
జానెడు ఉత్తరేణి.
ఆయన నీళ్ళ పైపు పట్టుకుని
అన్నిటితోపాటు దానికీ పోస్తున్నాడు.

వానెక్కువగా ఉంది ఈసారి, అన్నాడు.
అవును, అన్నాను.