కుండలో పడనిది

రొయ్య కాదు, పీతా కాదు.
తోకను కడుపు కిందికి మడిచి పెట్టుకుని
ముప్పై ఒక్క ఏళ్లుగా సీసాలో కూచుంది.
చీటీ మీద పెన్సిల్ రాత: కొకింబో రేవుకు పడమర,
తొమ్మిది వందల మీటర్ల లోతు. పక్కన ఒక ప్రశ్నార్థకం.
ఆ ప్రశ్నార్థకం పెట్టినాయన ఎప్పుడో రిటైరయ్యాడు.

మిరేయా ఓయార్సూన్ దాన్ని పళ్లెంలోకి దించింది.
రంగంతా సారాయి తాగేసింది,
ఉడికిన మెతుకులా తెల్లగా మిగిలింది.
నుదుట మూడు ముళ్లు,
నడిమిది పొడుగు, పక్కవి దానిలో సగం లేవు.
కుడి డెక్క విరిగింది. చిట్టచివరి కాళ్లు రెండూ
మొప్పల గదిలో ముడుచుకుని ఉన్నాయి,
ఇల్లు ఊడ్చి మూలన పెట్టిన చీపుళ్లలా.

పేరు పెట్టాలంటే ముందు
చుట్టాలందరికీ వంకలు పెట్టాలి.
ఒకదానికి కంటి చుట్టూ నూగు ఎక్కువ.
ఒకదానికి వీపు మీద గీతలు తెగి తెగి ఉన్నాయి.
ఇంకొకటి అచ్చం ఇదే. మూడు రోజులు అదేననుకుంది.
నాలుగో రోజు, కాలి కణుపు మీద
ఉండాల్సిన ముల్లు ఒకటి లేదు.
ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

తన పేరు తనే పెట్టుకోకూడదు, మర్యాద కాదు.
డైరెక్టరు గారు మాత్రం రెండుసార్లు
దగ్గి వెళ్లారు ఆ గది ముందు.

ఆ పడవ వాళ్లలో మిగిలింది
సెలెదోనియో ఒక్కడే.
"ఎన్ని దొరికాయి?"
"ఐదు."
"మిగతా నాలుగూ?"
ముసలాయన నేల చూపులు చూశాడు.
"చలికాలం. వలలో ఇంకేం పడలేదు.
రొసమేల్ పులుసు పెట్టాడు."

కోపం రావాలి. నవ్వొచ్చింది.
ఏ రంగు అని అడిగింది.
"లాంతరు వెలుగులో రంగేం తెలుస్తుంది?
చప్పుడైతే చెప్పగలను. తోకలు కొట్టుకున్నాయి,
తడిగుడ్డ దులిపినట్టు.
ఐదోది వంటవాడి చేతితొడుగు పట్టుకుని వదల్లేదు.
'దీనికింకా ఏదో పని ఉందిరా' అని
ఐసు పెట్టెలో పడేశాడు.
రేవులో చేపలు లెక్కరాసుకునే కుర్రాడికిచ్చాడు."

రొసమేల్ తాపియా పోయి పన్నెండేళ్లు.

లాటిన్‌లో మనిషి పేరు చివర ఇకారం చేరిస్తే
ఆ మనిషిది అని.
ఊరు ఊరి అయినట్టు, ఇల్లు ఇంటి అయినట్టు
రొసమేల్, రొసమేలి.
ఎన్నడూ దిగని చీకటికి
ఒక్క గుడితో వారసుడయ్యాడు వంటవాడు.
అక్కడ, అంత కిందన, తోకలు మడుచుకున్నవాటికి
ఈ సంగతి ఇంకా అందలేదు.

ఫారంలో లోతుకు గడి ఉంది, పొడవుకు గడి ఉంది,
ఆడో మగో రాయడానికి గడి ఉంది.
వీధి మలుపు దాకా వచ్చినామె వెనక్కి నడిచి
ముసలాయన తలుపు మళ్లీ కొట్టింది.

సీసాలోకి కొత్త చీటీ జార్చే ముందు
వెనకవైపు, పెన్సిల్‌తో, సన్నగా:
తియ్యగా ఉండేదట.
ఉప్పు తక్కువైందట.