గుంటలు పూడ్చే మట్టి

సోమవారాలు వచ్చేవాళ్ళు.
శనివారం జనంలో కాదు,
సోమవారం పొద్దున్నే, వాన కాస్త తెరిపిచ్చాక,
కోటు లోపల ఏదో పట్టుకుని.
"ఇక్కడ గడ్డి చూసేది మీరేనా?" అని
కాసేపు గడ్డి గురించే మాట్లాడేవాళ్ళు.
చివరికి నేనే అడిగేవాణ్ణి: ఏ వైపు?

ఉత్తరం గోలు, అనేవాళ్ళు చాలామంది.
ఒకావిడ మాత్రం కార్నర్ జెండా దగ్గర అంది.
ముప్పయ్యేళ్ళు ఆ మూల నుంచే
లైన్స్‌మన్‌ని తిట్టాడట ఆయన.

బూడిద గడ్డికి మంచిది కాదు.
ఒక్కచోట పడితే మాడ్చేస్తుంది.
ఇసుకలో కలిపి, పిడికెడు పిడికెడుగా
వాళ్ళ చేతే చల్లించి
వెనక నీళ్ళ డబ్బాతో నేను నడిచేవాణ్ణి.
టానరీ లేన్‌లో ఇరవై ఆరేళ్ళు.
విత్తనాల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో
పంతొమ్మిది పేర్లు.
క్లబ్బుకి తెలీదు.
తెలిసినా తెలీనట్టే ఉంది.

ఇప్పుడు క్లబ్బు రింగు రోడ్డు పక్కకి పోతోంది.
పద్దెనిమిది వేల కుర్చీలు, అన్నీ ఒకటే నీలం.
ఏ స్తంభమూ అడ్డురాదట.
మా స్తంభాల వెనక కూర్చున్నవాళ్ళు
సగం గోల్స్ పక్కవాడి మొహంలోనే చూశారు,
ఎవరూ డబ్బు వాపసు అడగలేదు.
పాత మైదానాన్ని సూపర్‌మార్కెట్ కొనుక్కుంది.

కొత్త పచ్చిక లారీలో వచ్చింది,
పెళ్ళివారి చాపల్లా చుట్టలు చుట్టలుగా.
పరకల మధ్య ప్లాస్టిక్ దారం కుట్టారు.
ఒప్పందంలో ఆరో పేరా: బయటి మట్టి తేరాదు.
"మట్టికి కూడా పాస్‌పోర్టా?" అన్నాను.
మేనేజరు రోవెనా నవ్వింది,
సంతకం పెట్టాల్సిన చోటు మీద నుంచి మాత్రం
వేలు తియ్యలేదు.

పంతొమ్మిది గడపలూ తొక్కాను.
రెండు ఇళ్ళలో కొత్తవాళ్ళున్నారు.
ఒక కొడుకు గుమ్మంలోనే,
"మా నాన్న ఈపాటికి గడ్డి అయిపోయాడు, వదిలెయ్యండి" అని
తలుపేసి, మళ్ళీ తీసి,
"మీరెక్కడుంటే అక్కడికి" అన్నాడు.
ఐవీ పికర్స్‌గిల్ టీ పోసింది.
చక్కెర కలిపి, కలిపి, కలిపి,
"హోరేస్‌ని కదపొద్దు" అంది.
"బయటి ఊళ్ళ మ్యాచులకి ఎన్నడూ వెళ్ళలేదాయన.
బస్సు పడదు."

చివరి ఆట సున్నా సున్నా.
జనం కుర్చీలు ఊడబెరుక్కున్నారు,
వలలు ముక్కలుగా కోసుకున్నారు,
ఎవడో మరుగుదొడ్డి బోర్డు చంకన పెట్టుకుని ఏడ్చుకుంటూ పోయాడు.
దీపాలార్పాక నేను పార తీశాను.
పద్దెనిమిది చోట్ల, చోటికో పారెడు.
కార్నర్ దగ్గర ఆగాను.
దించలేదు.

పరిగెత్తే బూటు పచ్చికని పెళ్ళగిస్తుంది.
ఆ గుంటలు పూడ్చడానికో మిశ్రమం ఉంటుంది,
ఇసుక, కాస్త మట్టి, నాలుగు గింజలు.
ఏ బకెట్లో కలిపావని ఎవరూ అడగరు.
ఆరో పేరా బకెట్ల జోలికి పోలేదు.

విరామంలో ఫోర్కు పట్టుకుని తిరుగుతాను.
పైన పెద్ద తెర మీద ఏవో ప్రకటనలు.
నేను వంగి, పూడ్చి, మడమతో నొక్కి, ముందుకి.
ఇప్పుడెవరు ఎక్కడున్నారో నాకూ తెలీదు.
ఉత్తరం గోలువాళ్ళు మధ్య గీత మీదికొచ్చారు.
బతికుండగా పలకరించుకోని ఇద్దరు
ఒకే గుంటలో సర్దుకున్నారేమో.
గెలిచిన రోజు వింగర్ జారుకుంటూ వెళ్ళి మోకాళ్ళ మీద ఆగితే
వాడి తెల్ల నిక్కరుకి అంటిన మరకని చూసి
చాకలి యంత్రం దాకా వెళ్ళి
చెప్పకుండా తిరిగొచ్చాను.

మొన్న పాలకని సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాను.
అలవాటుగా అడుగులు లెక్కపెట్టుకున్నాను:
రొట్టెలు దాటి, ఎడమకి,
కార్నర్ జెండా ఉన్నచోట గుడ్లు.
ఐవీ అక్కడే ఉంది. ఖాళీ బండి, మెడలో క్లబ్బు మఫ్లర్.
శనివారం, మూడూ ఇరవై. ఆ వారం మనది బయటి ఊళ్ళో ఆట.
ఆమె ఫోను గుడ్ల అట్టల మధ్య నిలబెట్టి ఉంది,
సన్నగా రేడియో.

"గుడ్లు అందివ్వనా?" అన్నాను.
చెయ్యెత్తి ఆపింది.
"ఉండండి.
కార్నర్ మనకే."